మ్యాచ్ బస్సులో ఫ్యామిలీ అంటే ఎవరు?

ఇండియా ఫుట్‌బాల్ టీమ్ మళ్ళీ మస్కట్ వస్తే బర్కా నుంచి బస్సు పెడదాం, కాకపోతే ఫ్యామిలీలకే అని మనోళ్ళ మధ్య ఒక మాట నడుస్తోంది. బస్సు మంచిదే. ఆ రెండో మాట మాకు నచ్చలేదు.

ఈ గల్ఫ్‌లో బ్యాచిలర్ అంటే పెళ్ళి కానోడు కాదని అందరికీ తెలుసు. జగిత్యాలలో భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి అమ్మానాన్న ఉన్నోడు కూడా ఇక్కడ బ్యాచిలరే. అతని జీతం ఆ ఇంటికే పోతుంది, అయినా మన లెక్కలో అతనికి ఫ్యామిలీ లేదు! ఇదేం లెక్కో.

2019 నవంబర్ 19 గుర్తుందా? వరల్డ్ కప్ క్వాలిఫయర్, సుల్తాన్ ఖాబూస్ స్టేడియం, మంగళవారం సాయంత్రం. ముందు రోజే ఒమన్ నేషనల్ డే, రోడ్డు పొడుగునా లైట్లు, జెండాలు. బర్కా నుంచి కలిసే వెళ్ళాం. ఆడవాళ్ళు, పిల్లలు ముందు సీట్లలో, క్యాంపు వాళ్ళు వెనక. కొందరైతే డ్యూటీ బట్టలు మార్చుకుని పరుగున వచ్చి ఎక్కారు. పులిహోర డబ్బా సీబ్ దాటకముందే ఖాళీ. ఇక్కడే పుట్టిన పిల్లాడొకడు ఎర్ర ఒమన్ జెర్సీ వేసుకొస్తే బస్సంతా వాడిని ఆట పట్టించింది. వాడు మాత్రం జెర్సీ విప్పలేదు.

ఘస్సానీ మొదట్లో పెనాల్టీ పైకి కొట్టేశాడు, 33వ నిమిషంలో గోల్ వేశాడు. 1-0, మనం ఓడిపోయాం. హాఫ్ టైమ్‌లో క్యాంపు వాళ్ళు ఇంటికి ఐమో కాల్ చేసి గ్రౌండ్ చూపించారు. అక్కడ రాత్రి తొమ్మిది దాటింది, పిల్లలు పడుకోకుండా నాన్న ఎక్కడ కూర్చున్నాడో చూస్తున్నారు. అది ఫ్యామిలీ ట్రిప్పు కాదంటారా?

బ్యాచిలర్లు తాగొస్తారు, అరుస్తారు, ఆడవాళ్ళకు ఇబ్బంది అంటున్నారు. ఆ భయం ఉత్తదేం కాదు, మా అక్కచెల్లెళ్ళు చెబితే మేమూ వింటాం. అయితే తాగినోడు ఎవడైనా బస్సెక్కొద్దు అని రూల్ పెట్టండి. ఫ్యామిలీ ఉన్నోడు తాగడా ఏంది? బర్కాలో శుక్రవారం ఎద్దుల పోటీకి పోతే జనమంతా చుట్టూ నేల మీద కూర్చుని చూస్తారు, నీకు పెళ్ళాం ఇక్కడుందా అక్కడుందా అని మనల్ని ఎవరూ అడగలేదు.

ఇంకో సంగతి. ఇక్కడున్న తెలుగు కుటుంబాలతో ముప్పై సీట్ల బస్సు నిండదు. ఖాళీ సీట్ల కిరాయి ఎవరు కడతారు? అందరినీ ఎక్కిస్తే తలా కొంచెమే పడుతుంది. ఇళ్ళల్లో పనిచేసే మన గోదావరి జిల్లాల అక్కల సంగతి ఇంకా కష్టం. వాళ్ళ సెలవు అర్బాబ్ చేతిలో ఉంటుంది. మ్యాచ్ తేదీ ముందే చెబితే వాళ్ళలో ఒకరిద్దరైనా అడిగి చూసుకుంటారు.

ఫుట్‌బాల్ మలయాళీల ఆట, మనకెందుకు అనేవాళ్ళకు ఒక్క మాట. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం తెచ్చిన కోచ్ రహీం సాబ్ మన హైదరాబాదాయన. తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ పిల్లాడు. మొన్న 2025 సెప్టెంబర్ 8న తజికిస్తాన్‌లో ఒమన్ మీద 1-1 అయ్యాక పెనాల్టీల్లో 3-2తో గెలిచాం. ఆ రోజు మన రూముల్లో ఒక్కో ఫోన్ చుట్టూ ఎన్ని తలలున్నాయో చూసినోళ్ళకు తెలుసు.

బస్సు పెట్టే పెద్దలకు మా మనవి ఇంతే. మ్యాచ్ ఏ వారం పడినా డ్యూటీ దిగాకే బస్సు కదలాలి. లిస్టులో పేరు, డ్యూటీ టైమ్, ఎక్కే చోటు రాసుకోండి. ఫ్యామిలీనా బ్యాచిలరా అన్న గడి మాత్రం పెట్టకండి.