అమ్మ జబ్బు కొడుకు చెప్పాలా?

ఉత్తరాన పెన్‌గంగ, తూర్పున ప్రాణహిత, దక్షిణాన గోదావరి. 2016లో నాలుగు ముక్కలు కాకముందు ఆదిలాబాద్ జిల్లా అదీ. 2011 లెక్కల్లో 27 లక్షల పైన జనం, మగవాళ్లకన్నా ఆడవాళ్లే కాస్త ఎక్కువ. తెలుగు, మరాఠీ, ఉర్దూ, లంబాడీ, గోండి, కొలామి అన్నీ వినిపిస్తాయి. నేను తిరిగిన గూడేల్లో మగవాళ్లు సంతల్లో మూడు భాషలు నేర్చారు. పెద్దవయసు ఆడవాళ్లలో చాలామందికి గోండి ఒక్కటే.

అక్కడే ఒక ఆసుపత్రిలో చూశాను. గోండు తల్లి, పక్కన పదేళ్ల కొడుకు. డాక్టరు తెలుగులో నెలసరి గురించి అడిగాడు. ఆ ప్రశ్న పిల్లాడే తల్లిని అడగాలి. ఆమె తల దించుకుంది. "కడుపు నొప్పంట" అన్నాడు వాడు. ఆ మాటకే మందు రాశారు.

పోలీసు ఫిర్యాదు రాసుకున్నాక చదివి వినిపించాలని చట్టం చెబుతోంది. రాని భాషలో వినిపిస్తే ఆమె దేనికి వేలిముద్ర వేసినట్టు?

2011లో గోండి తమ భాషని చెప్పినవారు దేశంలో దాదాపు 30 లక్షలు. అయినా ఎనిమిదో షెడ్యూల్లో లేదు. అంతకన్నా తక్కువమంది మాట్లాడే బోడోకు 2003 సవరణతో చోటు దొరికింది. (దొరకాల్సిందే, మాకేం అసూయ లేదు.)

షెడ్యూలు ఢిల్లీ పని. ప్రతి ఆసుపత్రిలో, స్టేషన్లో గోండి వచ్చిన ఒక స్త్రీని జీతమిచ్చి పెట్టడానికి ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు. ఇంటర్ చదివి ఖాళీగా ఉన్న గోండు ఆడపిల్లలు ఆ గూడేల్లోనే ఉన్నారు.