వార్డు కమిటీలనే కూర్చోబెడదాం

సంపాదకులకు,

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సమస్యలపై ఉమ్మడి చర్చావేదిక కావాలంటూ మీ పత్రికలో ఒక పాఠకుడు రాసిన లేఖ చదివాను. ఆవేదన నిజమే. కానీ కొత్త వేదిక ఎందుకు? తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ప్రకారం ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలుండాలి. ఒక్కోదానిలో 15 మంది. అంటే వార్డుకు 60 మంది! వాళ్లెవరో మా వీధిలో ఎవరినడిగినా చెప్పలేకపోయారు.

2000ల తొలినాళ్లలో సూర్యాపేట చెత్తకుండీలు లేని పట్టణంగా పేరు తెచ్చుకుంది. ఇంటింటా తడి, పొడి చెత్త వేరుచేసి ఇచ్చేలా జనాన్ని ఒప్పించబట్టే అది కుదిరింది. ఇలాంటి పని వీధి స్థాయిలోనే సాధ్యం. మూడు ఊళ్లకూ ఒకే వేదిక పెడితే ఉపన్యాసాలే మిగులుతాయి, మురుగుకాల్వ అలాగే ఉంటుంది.

పాఠకులారా, ఈ వారమే మీ వార్డు కమిటీ సభ్యుల జాబితా అడగండి. వాళ్లను మీ వార్డులోని బడి ఆవరణకు పిలిచి కూర్చోబెట్టండి.

– ఒక పాఠకుడు, సూర్యాపేట