కువైట్‌కి బ్యాగ్ సర్దుతున్నారా?

మా రాజంపేటలో ఎవరికైనా గల్ఫ్ వీసా వచ్చిందంటే చాలు, సలహాలకి కొదవుండదు. "బుర్ఖా కొనుక్కో పాపా" అని ఒక పిన్నమ్మ, "జీన్స్ వేస్తే పట్టుకుపోతారంట" అని ఇంకో అన్న. ఆఫీసు పని మీద నేను రెండుసార్లు అటువైపు వెళ్లొచ్చానని తెలిసి, ఇప్పుడు అందరూ నన్నే అడుగుతున్నారు. సరే, ఈ వారం ఇదే మాట్లాడుకుందాం.

మొదటి సంగతి, ముస్లిం దేశాలన్నింటికీ ఒకే డ్రెస్ కోడ్ లేదు. ఇరాన్‌లో ఆడవాళ్లు తల కప్పుకోవాలని చట్టం ఉంది, విదేశీయులకైనా అంతే. తజికిస్తాన్‌లోనూ ముస్లింలే ఎక్కువ, కానీ 2024లో అక్కడి ప్రభుత్వం హిజాబ్‌నే వద్దంటూ చట్టం తెచ్చింది! సౌదీ 2019లో టూరిస్ట్ వీసాలు మొదలుపెట్టినప్పుడు, విదేశీ మహిళలకి అబాయా తప్పనిసరి కాదని, ఒళ్లు కప్పే బట్టలుంటే చాలని చెప్పేసింది. కువైట్‌లో కూడా తల కప్పుకోవాలన్న రూల్ లేదు.

మరి ఏం వేసుకోవాలి? భుజాలు, మోకాళ్లు కప్పాలి, బట్ట కాస్త వదులుగా ఉండాలి. అంతే. చుడీదార్, పొడుగు కుర్తీ, జీన్స్ మీద వదులు షర్ట్... అన్నీ మన బీరువాలో ఉండేవే. అబ్బాయిలూ, ఇది మీక్కూడా! షార్ట్స్, స్లీవ్‌లెస్ బనియన్లు జిమ్‌కీ బీచ్‌కీ ఉంచుకోండి. బూతు రాతల టీషర్టులు ఇంట్లోనే వదిలేయండి.

బ్యాగ్‌లో ఒక చున్నీ తప్పకుండా పెట్టుకోండి. అబుదాబిలో షేక్ జాయెద్ మసీదు చూడాలంటే ఆడవాళ్లు తల కప్పుకోవాలి, మగవాళ్లకి షార్ట్స్ కుదరవు. ఇదేమీ మనకి కొత్త కాదు. మన ఊరు కడప-తిరుపతి దారిలోనే కదా ఉండేది! అటు కడప పెద్దదర్గాకి పోతే తలమీద రుమాలు వేసుకుంటాం. ఇటు తిరుమల దర్శనానికి చుడీదార్ మీద చున్నీ, మగవాళ్లకి పంచె. చోటుని బట్టి బట్టలు మార్చడం మనకి చిన్నప్పటి నుంచీ అలవాటే.

ఇక ఎండ. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులైలో 53.9 డిగ్రీలు నమోదైంది. మన మే నెల దీని ముందు దిగదుడుపే. అక్కడి మగవాళ్లు ఒళ్లంతా కప్పే తెల్ల దిష్‌దాషా వేసుకునేది ఊరికే కాదు. లేత రంగు, ఫుల్ హ్యాండ్స్ కాటన్ బట్టలు తీసుకోండి. ఒక స్వెట్టర్ కూడా పడేయండి, జనవరి రాత్రులు బాగా చలి. ఏసీ ఆఫీసుల్లో అయితే ఏడాది పొడవునా చలే.

ఇదంతా మనలా చూసి వచ్చేవాళ్లకి. మన పక్కనుంచి ఇంటిపనికి వెళ్లే అక్కలకి ఏం వేసుకోవాలో చాలాసార్లు యజమానే చెప్తాడు. అందుకే వాళ్లకి ఈ ఒక్కటి చదివి వినిపించండి: కువైట్‌లో ఇంటిపనివాళ్ల కోసం 2015లో 68వ నంబర్ చట్టం వచ్చింది. దాని ప్రకారం తిండి, వసతి, వైద్యంతో పాటు బట్టలు ఇవ్వడం కూడా యజమాని బాధ్యతే. బట్టల పేరు చెప్పి జీతం కోస్తే ఊరుకోనక్కర్లేదు. పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోకూడదని కూడా అదే చట్టం చెప్తోంది.

మీ ఇంట్లో ఎవరైనా బయల్దేరుతుంటే బ్యాగ్ సర్దడంతో పాటు ఈ పని కూడా చేయండి. వాళ్ల ఫోన్‌లో కువైట్‌లోని ఇండియన్ ఎంబసీ నంబర్ సేవ్ చేసి, ఎలా కాల్ చేయాలో ఒకసారి చూపించండి.