కథలో భర్త మారాడు సరే...

క్రైస్తవ ప్రేరణ కథలంటే రెండు వైపుల నుంచీ చిన్నచూపే. సాహిత్యం తెలిసినవాళ్ళు "అవీ ఒక కథలేనా, కరపత్రాలు కదా" అంటారు. సంఘంలో పెద్దవాళ్ళేమో "వాక్యం ఉండగా కథలెందుకమ్మా, కల్పించి రాసేది అబద్ధమేగా" అంటారు. వీళ్ళిద్దరి మాటల మధ్యా, మధ్యాహ్నం గిన్నెలు సర్దుకున్నాక సంఘ పత్రిక తిరగేసి ముందుగా కథ వెతుక్కునేది మాత్రం ఆడవాళ్ళే. రాసేవాళ్ళలోనూ మనం తక్కువేం కాదు. నేనూ చదువుతాను, అప్పుడప్పుడూ రాస్తాను. ఈ కథల మీద నాకు ప్రేమ ఉంది కాబట్టే నాలుగు మాటలు గట్టిగా చెప్పాలనిపిస్తోంది.

ముందు వీటిలో ఉన్న మంచి చెప్పుకుందాం. ఇంటర్ చదివే కూతురి చేతికి భయం లేకుండా ఇవ్వొచ్చు. ఇందులో కథానాయిక కార్లలో తిరగదు. నర్సో, మిషన్ స్కూల్లో టీచరో, కుట్టు మిషనుతో ఇల్లు నెట్టుకొచ్చే మనిషో అయి ఉంటుంది. ఫీజు కట్టాల్సిన రోజు ఆమెకీ వస్తుంది, అత్తగారి మాటలు ఆమెకీ పడతాయి. "నీ కన్నీళ్ళు చూసేవాడు ఒకడున్నాడు" అని ఎవరో చెబితే వినాలని ఉండే రోజులు అందరికీ ఉంటాయి. ఆ మాట చెప్పే కథని చులకన చెయ్యడానికి నాకు మనసొప్పదు.

చిక్కల్లా మనం పదే పదే రాస్తున్న ఒక కథతోనే. మీకూ తెలుసు ఆ కథ. భర్త తాగుతాడు, కొడతాడు. భార్య నోరెత్తదు. పుట్టింటికి చెప్పదు. తెల్లవారుజామున లేచి మోకాళ్ళూనుతుంది. శుక్రవారం ఉపవాసం. అలా ఏళ్ళు గడుస్తాయి. ఒక రాత్రి భర్త స్కూటరు లారీకి గుద్దుకుంటుంది. ఆస్పత్రి మంచం, పక్కన పాస్టరుగారు, ప్రార్థన. కళ్ళు తెరిచేసరికి అతను కొత్త మనిషి! వచ్చే ఆదివారం ఇద్దరూ ముందు వరసలో కూచుని ఉంటారు. శుభం. పేర్లు మారతాయి, లారీ బదులు గుండెనొప్పి వస్తుంది. కథ మాత్రం మారదు.

అలా మారిన భర్తలు నిజంగా లేరా అంటే, ఉన్నారు. వాళ్ళ సాక్ష్యాలు మనం విన్నాం, సంతోషించాం. కానీ ఒకరి సాక్ష్యం వేరు, అందరికీ అదే జరుగుతుందన్నట్టు రాసే కథ వేరు. స్త్రీల సమాజంలో ఒకావిడ ఇలాంటి కథ చదివి వినిపించినప్పుడు, వెనక కూచున్న ఇంకొకావిడ మెల్లిగా అన్న మాట నాకు గుర్తుండిపోయింది. "కథలో అతను ఏడేళ్ళకి మారాడమ్మా. నాకు పద్నాలుగేళ్ళు. నా ప్రార్థనలోనే ఏదో లోపం ఉండి ఉంటుంది."

చూశారా? కొట్టేది అతను, లోపం ఈవిడది! ఈ ఆలోచన ఆవిడకి బైబిల్లోంచి వచ్చిందా? రాలేదు. మన కథల్లోంచి వచ్చింది. ఓదార్చాలని రాసిన కథ ఆవిడ నెత్తిన ఇంకో బరువు పెట్టింది. నా గొడవంతా ఇదే.

నిజానికి ఈ రకం రచన మన దేశంలో మొదలైనప్పటి నుంచీ రెండు దారుల్లో నడిచింది. 1852లో కలకత్తాలో హన్నా కేథరిన్ మలెన్స్ అనే మిషనరీ మహిళ బెంగాలీలో 'ఫుల్మణి ఓ కరుణార్ బిబరణ్' రాసింది. బెంగాలీలో తొలి నవల ఇదేనని కొందరి వాదన. బెంగాలీ క్రైస్తవ స్త్రీల కోసమే రాసిన పుస్తకం. ఇల్లూ పిల్లల్నీ విశ్వాసంతో చక్కదిద్దుకునే ఫుల్మణి ఒక వైపు, నిర్లక్ష్యంగా బతికే కరుణ ఒక వైపు. కరుణ ఫుల్మణిలా మారాలి, అదీ పాఠం. మంచి భార్య ఎలా ఉండాలో చెప్పే కథలకి ఇది పెద్దక్క లాంటిది.

అయిదేళ్ళు తిరక్కుండా 1857లో మరాఠీలో బాబా పద్మన్‌జీ 'యమునా పర్యటన్' వచ్చింది. ఇందులో యమున భర్తతో కలిసి ఊళ్ళు తిరుగుతూ వితంతువుల అవస్థలు కళ్ళారా చూస్తుంది. తర్వాత ఆమే భర్తని పోగొట్టుకుంటుంది. అప్పుడు రచయిత ఆమెని మూల కూచోబెట్టి సహనం నేర్పలేదు. ఆమె క్రైస్తవ విశ్వాసంలోకి వస్తుంది, మళ్ళీ పెళ్ళి చేసుకుంటుంది. వితంతు వివాహ చట్టం వచ్చింది 1856లో. అంటే ఏడాది తిరక్కుండా ఒక క్రైస్తవ ప్రేరణ నవల ఆ చట్టం తెరిచిన తలుపులోంచి కథానాయికని నడిపించింది!

ఆ తర్వాత కృపాబాయి సత్యనాథన్. 1862లో అహ్మద్‌నగర్‌లో క్రైస్తవ కుటుంబంలో పుట్టింది. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరింది, ఆరోగ్యం సహకరించక చదువు ఆపేసింది. పెళ్ళయ్యాక భర్త ఉద్యోగరీత్యా కొంతకాలం మన రాజమండ్రిలోనూ ఉంది. ఆమె ఇంగ్లీషులో రాసిన 'సగుణ' 1887-88లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీ పత్రికలో వచ్చింది. దాదాపు ఆమె సొంత కథే. పుస్తకాలంటే ప్రాణం పెట్టే క్రైస్తవ ఆడపిల్ల, డాక్టరు చదవాలన్న ఆశ. ఆ పిల్లకి దేవుడి మీద నమ్మకమూ ఉంది, తనకంటూ ఒక మనసూ ఉంది. ఒకటి ఉంటే రెండోది ఉండకూడదని కృపాబాయి అనుకోలేదు. 1894లో, 32 ఏళ్ళకే పోయింది.

బయటి దేశాల పుస్తకాలూ చూద్దాం. హారియెట్ బీచర్ స్టో 1852లో అచ్చువేసిన 'అంకుల్ టామ్స్ కేబిన్' ఎంతో భక్తితో రాసిన నవల. టామ్ అనగానే అందరికీ సహనమే గుర్తొస్తుంది. కానీ అదే నవలలో ఎలైజా ఉంది. తన బిడ్డని అమ్మేస్తున్నారని తెలియగానే రాత్రికి రాత్రి బిడ్డని చంకనేసుకుని, నదిలో తేలే మంచుగడ్డల మీంచి దూకుతూ పారిపోతుంది. ఎలైజా భక్తురాలు కాదని రచయిత్రి ఎక్కడా అనలేదు. పైగా టామ్ ప్రాణం పోయింది ఎందుకు? యజమాని చెర నుంచి తప్పించుకున్న ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కడున్నారో చెప్పనందుకు! అతని సహనం వాళ్ళ విడుదలకి కాపలా కాసింది. 'సహించు' అని మాత్రమే ఆ పుస్తకం నుంచి నేర్చుకుంటే సగం పేజీలు చింపేసి చదివినట్టే.

ఈ మధ్యకాలపు క్రైస్తవ ప్రేమ నవలల్లో బాగా పేరొచ్చినవి రెండు. జానెట్ ఓక్ 1979లో రాసిన 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ'లో, ఊరుగాని ఊళ్ళో భర్త చనిపోయిన మార్టీకి, చిన్నపాప ఉన్న క్లార్క్ పెళ్ళి ప్రస్తావన తెస్తాడు. ఇల్లు కావాల్సింది ఆమెకి, తల్లి కావాల్సింది ఆ పాపకి. ఇష్టం లేకపోతే వసంతం రాగానే తూర్పు వైపు వెళ్ళే బళ్ళతో పంపించేస్తాననీ, ఖర్చు తనే పెట్టుకుంటాననీ మొదటే చెబుతాడు. ఇక ఫ్రాన్సీన్ రివర్స్ 1991 నవల 'రిడీమింగ్ లవ్', బైబిల్లోని హోషేయ ప్రవక్త కథని కాలిఫోర్నియా బంగారు గనుల కాలంలో పెట్టి రాసింది. భార్య మళ్ళీ మళ్ళీ వెళ్ళిపోతుంది. చివరిసారి భర్త వెంటపడి తీసుకురాడు, ఆమె తనంతట తాను వచ్చేదాకా ఎదురుచూస్తాడు.

గమనించారా, ఈ రెంట్లోనూ ఓర్చుకునేది మగవాడు! తలుపు తీసి ఉంచేది మగవాడు. హోషేయ కథలోనూ అంతే. అదే ఓర్పు మన సంఘ పత్రికలోకి వచ్చేసరికి ఎలాగో చెయ్యి మారి భార్య వాటాకి వచ్చేస్తుంది. క్షమాపణ ఆవిడ పని, మార్పు దేవుడి పని. మరి భర్త పనేమిటి?

"పాతకాలపు కథలు అలాగే ఉంటాయి, అప్పుడు వేరే దారేముంది" అనొచ్చు. ఆ మాటలో కొంత నిజం ఉంది. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్తకి భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే విడాకులు దొరికేవి. భార్యకి మాత్రం అది చాలదు. వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేసి వెళ్ళడమో కూడా చూపించాలి. ఎంత కొట్టినా, ఉత్త కొట్టడం విడాకులకి కారణం కాదు. చట్టమే తలుపు మూసేస్తే కథ ఎక్కడికి పోతుంది? కానీ 2001లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. ఇప్పుడు క్రూరత్వం ఒక్కటే చాలు. 2005 గృహహింస చట్టం అన్ని మతాల ఆడవాళ్ళదీ. కాపురం తెంచుకోకుండానే రక్షణ ఉత్తర్వు అడగొచ్చు, ఉన్న ఇంట్లోంచి గెంటెయ్యకుండా ఆపించొచ్చు. చట్టం మారింది, కథే ఇంకా 1869లో ఉంది.

"అయితే ఇహ ప్రార్థనలు మానేసి కోర్టులకి వెళ్ళమని కథలు రాయాలా? కాపురాలు కూల్చడమేగా!" అని కొందరు పెద్దవాళ్ళకి కోపం రావచ్చు. వాళ్ళకి నేను బైబిల్లోంచే జవాబు చెబుతాను. విసుగు లేకుండా ప్రార్థించాలి అని నేర్పడానికి యేసు చెప్పిన కథ ఏది? లూకా 18వ అధ్యాయంలోని విధవరాలిది. ఆవిడ ఏం చేసింది? న్యాయాధిపతి దగ్గరికి పదే పదే వెళ్ళి న్యాయం చెయ్యమని అడిగింది. ప్రార్థనకి ఉదాహరణగా ఆయన చూపించింది కోర్టు మెట్లెక్కిన ఆడదాన్ని!

మొదటి సమూయేలు 25వ అధ్యాయంలో అబీగయీలు ఉంది. మొగుడు నాబాలు మొరటువాడు, తాగుబోతు. అతని నోటి దురుసుకి ఇంటిల్లిపాదీ చావబోతున్నప్పుడు ఆవిడ మూల కూచుని ఏడవలేదు. 200 రొట్టెలూ, వండిన 5 గొర్రెల మాంసమూ, ద్రాక్ష గెలలూ గాడిదల మీద వేయించి, మొగుడికి చెప్పకుండా తనే దావీదుకి ఎదురెళ్ళింది. తెల్లారి మత్తు దిగాక అతనికి సంగతి చెప్పింది. ఈవిడ మీద మనవాళ్ళు ఎన్ని కథలు రాశారు?

ఇక ప్రార్థన ఫలించకపోతే పాఠకుల విశ్వాసం సన్నగిల్లుతుందన్న భయం. పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప చాలునన్న జవాబు వచ్చింది. అంతటి అపొస్తలుడి ప్రార్థనే అలా ముగిస్తే ఎవరి విశ్వాసమూ సన్నగిల్లలేదు. మన కథలో భర్త మారకపోతే మాత్రం సన్నగిల్లుతుందా? తప్పిపోయిన కుమారుని ఉపమానంలో పెద్దకొడుకు చివరికి విందులోకి వచ్చాడా లేదా? యేసు చెప్పకుండానే ఆపేశాడు. అన్నీ చక్కబడ్డాయని ముడివెయ్యకపోయినా కథ మనసుని పట్టుకుంటుందని ఆయనకి తెలుసు. అదే ఉపమానాన్ని మన తెలుగులో ఎం.ఎం. వినోదిని దళిత క్రైస్తవ ఆడపిల్ల కథగా తిరగరాశారు. వాక్యం చదివి పెరిగిన చెయ్యి ఎంత కొత్తగా రాయగలదో తెలియాలంటే అలాంటివి చదవాలి.

రాసే అక్కచెల్లెళ్ళకి నా మనవి ఇంతే. కథలో ప్రార్థన తప్పకుండా ఉండనివ్వండి. కానీ ప్రార్థన అయ్యాక మోకాళ్ళ మీంచి లేచిన మనిషి ఏం చేసిందో కూడా రాయండి. అన్నయ్యకి ఫోను చేసిందా, అమ్మగారితో ఉన్నదున్నట్టు చెప్పిందా, పిల్లల్ని తీసుకుని ఆ రాత్రికి పక్కింటికి వెళ్ళిందా, ఏదో ఒకటి. పాస్టరుగారి పాత్ర ఉంటే, ఆయన చేత భార్యకి ఓర్పు గురించి కాకుండా భర్తకి చెయ్యి దించమని చెప్పించండి. భర్త మారినా, ఆ మార్పు ఏడాదిపాటు ఇంట్లో కనబడ్డాకే ముందు వరసలో కూచోబెట్టండి.

భర్త ఒక్కడే విషయం కానక్కర్లేదు కూడా. 1883లో గుంటూరు వచ్చి ఆడవాళ్ళకి వైద్యం మొదలుపెట్టిన డాక్టర్ అన్నా కూగ్లర్ ఉంది. ఇంటింటికీ నడిచి వెళ్ళి గడప దాటని ఆడవాళ్ళకి అక్షరాలు దిద్దించిన బైబిలు స్త్రీలున్నారు. వాళ్ళలో చాలామంది పేర్లు కూడా మనకి మిగల్లేదు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు చెప్పిన సంగతులు మన ఇళ్ళల్లోనే ఉన్నాయి. అవి ప్రేరణ కాదా?

చదివే అక్కచెల్లెళ్ళకీ ఒక మాట. కథ నచ్చితే నచ్చిందని పత్రికకి ఒక ముక్క రాసి పడేస్తాం కదా, నచ్చకపోతే ఆ సంగతీ రాయండి. "మీ కథలో అతను మారాడు బాగానే ఉంది, మారనివాళ్ళ సంగతేమిటి?" అని అడగండి. పదిమంది అడిగితే ఏ సంపాదకుడైనా ఆలోచిస్తాడు. ఆ వెనక వరసలో కూచున్న ఆవిడ, తన ప్రార్థనలో లోపం లేదని తెలుసుకునేలా చేసే కథ ఒక్కటి వచ్చినా చాలు, ఈ కథల మీద మనం పెట్టిన మధ్యాహ్నాలు వృథా పోనట్టే.