పవిత్ర పదములు – పసిబిడ్డల పేర్లు

తల్లిదండ్రులు బిడ్డకిచ్చు ఆస్తులలో పేరు మొదటిది. ఇల్లు వాకిలి అందరికీ దక్కవు; పేరు దక్కని బిడ్డ లేదు. ఈ ఆస్తిని అమ్ముకొనుటకు వీలు లేదు. ఒకసారి బడి పుస్తకములోనికి ఎక్కిన తరువాత మార్చుకొనుట కూడ కష్టమే. కావుననే దేవుని నామము, ప్రవక్తల పేర్లు, ధర్మగ్రంథములలోని మాటలు, చరిత్రలో వివాదమునకు గురియైన రాజుల పేర్లు పసిబిడ్డలకు పెట్టవచ్చునా అను ప్రశ్న మరల మరల తలయెత్తుచున్నది. పవిత్ర పదములను వాడుకలోనికి దింపరాదని కొందరందురు. పేరుదేమున్నది, పిలుచుకొనుటకే కదా అని మరికొందరందురు. ఈ రెండు వాదములలోను లోపము కలదని మా అభిప్రాయము.

మన విద్యార్థులలో పలువురు ముషీరాబాదు, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతముల వారు. ఈ పేటల పేర్లలోనే మన ప్రశ్నకు మొదటి పాఠమున్నది. ‘ముషీర్’ అనగా సలహాదారు. నిజాము దివానైన అరస్తూ జాకు ‘ముషీరుల్ముల్క్’ అను బిరుదుండెను. రాజ్యమునకు సలహాదారు అని దాని అర్థము. ఆ బిరుదులో సగమే పేట పేరైనది. ఇక నారాయణగూడలో సాక్షాత్తు భగవన్నామమే ఉన్నది. బస్సు కండక్టరు దినమునకెన్నిమార్లో ఆ పేరు కేక వేయును. అందువలన ఆ నామమునకు అపచారము జరిగినదని ఎవరును తలచుట లేదు. పవిత్ర పదము జనుల నోట నలిగినంతమాత్రమున మైలపడదు.

అయితే పేట వేరు, బిడ్డ వేరు. బిడ్డ విషయములో మన ఇరుగుపొరుగు సంప్రదాయములు రెండు భిన్నమార్గములలో నడచినవి. ఆంధ్ర మహాభాగవతము షష్ఠస్కంధమున, ఏర్చూరి సింగన తెనిగించిన భాగములో, అజామిళుని కథ కలదు. ధర్మము తప్పి బ్రతికిన అజామిళుడు మరణవేళ తన కడగొట్టు కుమారుని ‘నారాయణా’ అని పిలిచెను. పిలిచినది కొడుకునే అయినను ఆ నామమే అతనిని కాపాడినది. ఈ దృష్టిలో దేవుని పేరు బిడ్డకు పెట్టుట పుణ్యము. ఎన్నిసార్లు పిలిచిన అంత మేలు. ఇస్లాములో మార్గము వేరు. రహ్మాన్, ఖాలిఖ్, రజ్జాక్ వంటివి అల్లాహ్‌కు మాత్రమే చెల్లు నామములు. అందువలన మనుష్యునికి వాటిని నేరుగా పెట్టక, ముందు ‘అబ్ద్’ అను మాటను చేర్తురు. అబ్ద్ అనగా దాసుడు. అబ్దుర్రహ్మాన్ అనగా కరుణామయుని దాసుడు. అబ్దుల్ ఖాలిఖ్ అనగా సృష్టికర్త దాసుడు. ఒక సంప్రదాయము దగ్గరితనముతో గౌరవించినది. మరియొకటి దూరము పాటించి గౌరవించినది. ఇందులో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనుటకు వీలులేదు. రామదాసు, అబ్దుర్రహ్మాన్ – ఈ రెండు పేర్లను ప్రక్కప్రక్కన వ్రాసి చూచిన రెండింటి నిర్మాణము ఒక్కటే యని తెలియును.

చిక్కు వచ్చునది ఆ పేరును విరిచినప్పుడు. రామదాసును ‘దాసు గారూ’ అని పిలిచిన నష్టము లేదు, వినయము మిగులును. అబ్దుర్రహ్మానును ‘రహ్మాన్ గారూ’ అని పిలిచినచో దాసుడు పోయి దేవుని నామము మాత్రము మనుష్యునిపై నిలుచును. ‘అబ్దుల్’ అని మాత్రమే పిలిచినచో ‘యొక్క దాసుడు’ అని సగములో ఆగిన మాట అగును. ఎవరి దాసుడో తెలియదు. పాస్‌పోర్టు కాగితములలో పేరుకు ఒక గడి, ఇంటిపేరుకు ఒక గడి ఉండుట వలన ఒకే పేరు రెండు ముక్కలై రెండు గడులలో పడుట మన ప్రాంతపు ముస్లిం కుటుంబములకు క్రొత్త కాదు. ఇంకొక ముచ్చట: ‘ముహమ్మద్’ అను పవిత్ర నామము మన కార్యాలయములలో ‘ఎం.డి.’గా మారినది. ఎం.డి. రఫీ, ఎం.డి. సలీం అని చదివిన క్రొత్తవాడు ఈయన వైద్యుడా, కంపెనీ మేనేజింగ్ డైరెక్టరా అని సందేహించిన తప్పులేదు. ‘షేక్’ కూడ ఇట్లే ‘ఎస్.కె.’ అయినది. ఆ నామమును బిడ్డకు పెట్టినప్పుడు అపచారమని శంకించిన వారెవరును దానిని రెండు పొడి అక్షరములుగా కుదించినప్పుడు అభ్యంతరము చెప్పినట్లు కానరాదు. కుదించిన వారిలో మనవారే ఎక్కువ.

పరభాషా నామమును మార్చుటయే తప్పని మేము చెప్పుట లేదు. ఇబ్రహీం కుతుబ్‌షాను మన తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని పిలిచిరి. అద్దంకి గంగాధర కవి ‘తపతీసంవరణోపాఖ్యానము’ను ఆయనకే అంకితమిచ్చెను. మాలిక్ ఇబ్రహీం అను పేరు తెలుగు నుడికారములో కరగి మల్కిభరాముడైనది. ఇందులో మాలిక్ పోలేదు, ఇబ్రహీమును పోలేదు. పైగా ‘రాముడు’ అను ధ్వని వచ్చి చేరినది. ఇది ప్రేమతో చేసిన మార్పు. ‘ఎం.డి.’ అనునది తొందరలో చేసిన కోత. ఈ రెంటికి గల భేదమును గుర్తించుటయే సంస్కారము.

ఇక అర్థము మాట. పేరు పెట్టు పెద్దలకు దాని అర్థము తెలిసియుండవలెను. గ్రంథము తెరచి కంటికి కనబడిన తొలి మాటను పేరుగా పెట్టువారు కలరు. గ్రంథము పవిత్రమైనంత మాత్రమున అందలి ప్రతి పదమును పేరు కాజాలదు. అందులో శిక్షను గూర్చిన మాటలు, శాపగ్రస్తులను గూర్చిన మాటలు కూడ ఉండును. తెలుగు లిపి వలన మరియొక ప్రమాదము కలదు. ‘అలీం’ అని మనము ఒకే తీరుగా వ్రాయుదుము. ఉర్దూలో ‘ఐన్’తో వ్రాసిన జ్ఞాని అని అర్థము, ‘అలిఫ్’తో వ్రాసిన బాధాకరము అని అర్థము. ‘ఆసియా’ కూడ అంతే. అలిఫ్‌తో వ్రాసిన ఫిరౌను భార్యయైన పుణ్యస్త్రీ పేరు. ఐన్, స్వాద్ అక్షరములతో వ్రాసిన ‘అవిధేయురాలు’ అని అర్థము. ఈ రెండవ పేరు గల స్త్రీకి దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆ పేరు తీసివేసి ‘జమీలా’ అని పేరిడినట్లు హదీసు గ్రంథములు చెప్పుచున్నవి. జమీలా అనగా అందమైనది. ఉర్దూ, తెలుగు రెండును బోధించు మనవంటి కళాశాలలో ఈ భేదము తెలియకపోవుట న్యాయము కాదు.

తమ్ము తాము తగ్గించుకొను పేర్లు కూడ సున్నితమైనవే. ‘గులాం రసూల్’లోని గులాం భక్తిమాట, తెలుగు వీధిలో అదే మాట తిట్టు. ఈ నగరమును 1591లో నిర్మించిన ముహమ్మద్ ఖులీ కుతుబ్‌షా పేరులోని ‘ఖులీ’ కూడ సేవకుడను అర్థము గల తుర్కీ మాటయే. రాంపూరు నవాబు కల్బే అలీ ఖాన్ పేరునకు అలీ వాకిట కుక్క అను భావము. అది వినయమునకు పరాకాష్ఠ. తెలంగాణ పల్లెలలో పుట్టిన బిడ్డలు దక్కనప్పుడు పెంటయ్య, పెంటమ్మ, బిచ్చయ్య అను పేర్లు పెట్టుట ఆచారము. ఎంగిలి విస్తరాకును బట్టి వచ్చినది పుల్లయ్య. మృత్యువు కంటికి బిడ్డ విలువ లేనిదిగా కనబడవలెనని ఆ తల్లుల ఆశ. ఈ పేర్లను చూచి నవ్వువారు ఆ తల్లుల కన్నీటిని చూడలేదు. 1934లో ‘లవకుశ’ చలనచిత్రమును నిర్దేశించిన చిత్తజల్లు పుల్లయ్య గారి పేరు తెలుగు దేశమంతట గౌరవముతో పలుకబడినది. పేరు మనిషిని తగ్గింపలేదు. మనిషి పేరును పెంచెను. అయినను తరగతి గదిలో తోటివారి పరిహాసమును భరించునది తల్లి కాదు, బిడ్డ. ఆ భారము బిడ్డ మోయగలడా అని పెద్దలు ముందుగా ఆలోచింపవలెను.

ఒక మతము వారి పవిత్ర నామమును మరియొకరు పెట్టుకొనవచ్చునా? ఈ ప్రశ్నకు తెలుగు ప్రజలు ఎప్పుడో సమాధానము చెప్పిరి. గుంటూరులోని కాలే మస్తాన్ వలీ దర్గాకు మ్రొక్కి బిడ్డలను కన్న హిందువుల ఇండ్లలో మస్తానయ్యలు, మస్తానమ్మలు, మస్తాన్‌రావులు కలరు. పీర్ల పండుగ జరుగు పల్లెలలో పీరయ్యలు, హుస్సేనమ్మలు కలరు. సత్తెనపల్లిలో పుట్టిన గాయకుడు మనో అసలు పేరు నాగూర్ బాబు. అందులో నాగూరు దర్గా, తెలుగింటి ముద్దుపేరు రెండును ఉన్నవి. ఎవరును ఎవరి అనుమతిని అడుగలేదు, ఎవరును అభ్యంతరము చెప్పలేదు. మ్రొక్కుతో, కృతజ్ఞతతో తీసుకొన్న పేరు దొంగసొత్తు కాదు.

చివరిది, అన్నింటికంటె ముళ్ళతో కూడినది రాజకీయము. 2016 డిసెంబరులో సైఫ్ అలీ ఖాన్, కరీనా కపూర్ దంపతులు తమ కుమారునికి తైమూర్ అని పేరిడగా దేశమంతట గొడవ చెలరేగినది. ఆ మాటకు తుర్కీ భాషలో ఇనుము అని అర్థము. కాని 1398లో ఢిల్లీని దోచిన తైమూరును ఈ దేశము మరువలేదు. అర్థము ఒక్కటే చాలదు, ఆ మాటకు అంటిన చరిత్ర కూడ వినబడునని తల్లిదండ్రులు గ్రహింపవలెను. కాని పొత్తిళ్ళలోని బిడ్డను దూషించిన వారు అంతకంటె పెద్ద తప్పు చేసిరి. పేరు ఎన్నుకొన్నది బిడ్డ కాదు కదా! 2009లో బెర్లిను న్యాయస్థానము ‘జిహాద్’ అను పేరు పెట్టుటకు ఒక తండ్రికి అనుమతి నిచ్చినది. ఆ పేరు అరబ్బు దేశములలో ముస్లిములతోపాటు క్రైస్తవులకు కూడ కలదు. మరియొకవైపు 2017లో చైనాలోని షిన్‌జియాంగ్‌లో ఇస్లాం, ఖురాన్, మక్కా వంటి పేర్లు పిల్లలకు పెట్టరాదని అధికారులు ఆంక్ష విధించిరి. ఇటువంటి నిషేధమును మేము సమర్థింపలేము. ఇందుకు ఒక పూర్వోదాహరణము చాలును. ‘హజ్న్’, అనగా కరకునేల, అను పేరు గల వానికి ప్రవక్త ‘సహల్’ అను పేరు సూచించిరి. అనగా సులభము, మెత్తనిది. తండ్రి పెట్టిన పేరు మార్చుకొననని అతడనెను. ప్రవక్త సలహా ఇచ్చిరే కాని బలవంతపెట్టలేదు. పేర్ల విషయములో పెద్దల అధికారము సలహా వరకే.

మన దేశములో నిషిద్ధ నామముల పట్టిక యేదియు లేదు. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము పేరు లేకుండ నమోదైన బిడ్డ పేరును 12 నెలలలోపు రుసుము లేకుండ, తరువాత 15 సంవత్సరముల వరకు ఆలస్య రుసుముతో చేర్పించవచ్చును. 2023 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణ వలన, ఆ తరువాత పుట్టిన బిడ్డలకు బడి ప్రవేశము మొదలు ఉద్యోగము వరకు జనన ధ్రువపత్రమే ఆధారము. ఇక తొందరపడి సగము పేరు వ్రాయించుట తగదు. అఖీఖా నాడో, బారసాల నాడో పెద్దలను, తెలిసినవారిని అడిగి, అర్థము తెలిసికొని, పూర్తిగా వ్రాయించవలెను.

కళాశాల కమిటీ వారికి మా మనవి ఒకటి. ప్రవేశ పట్టికలో విద్యార్థి పేరును తెలుగులోను, ఆంగ్లములోను వ్రాయుటతోపాటు, ఇంట ఉర్దూ వాడువారికి ఉర్దూ లిపిలో వ్రాయుటకు కూడ ఒక గడి ఉండవలెను. అబ్దుర్రహ్మాన్ వంటి పేరును ఒకే గడిలో ఉంచవలెను. ‘ఎం.డి.’, ‘ఎస్.కె.’ అనునవి మన పుస్తకములలో కనబడరాదు. హాజరు పిలుచు అధ్యాపకులము మేమును పూర్తి పేరే పిలువవలెను. దీనికయ్యే వ్యయము కొద్ది సిరా మాత్రమే.

విద్యార్థులారా! నేడు మీరు పేరు మోయుచున్నవారు. రేపు పేరు పెట్టువారగుదురు. మీలో కొందరు గుమాస్తాలై, ఉపాధ్యాయులై ఇతరుల బిడ్డల పేర్లు వ్రాయుదురు. పవిత్రమైన పదమని భయపడి విడువకుడు. పవిత్రమైనది కదా యని తెలియక పెట్టకుడు. అర్థము తెలిసిన పేరు, పూర్తిగా పలుకబడు పేరు, బిడ్డ తల యెత్తుకొని చెప్పుకొనగల పేరు – అది ఏ భాషదైనను, ఏ మతముదైనను తగిన పేరే. పెట్టుట తల్లిదండ్రుల బాధ్యత. చెడకుండ పిలుచుట మన అందరి బాధ్యత.