తెరపై చదువు

అరసవల్లి సూర్యదేవాలయమున ఏటేట మార్చి, అక్టోబరు మాసములందు కొన్ని ఉదయములు లేయెండ స్వామి పాదములను తాకును. ఎదుటి వాకిళ్లు తెరచి యుండుటచేతనే ఆ వెలుగు గర్భగుడి చేరుచున్నది. చదువును అట్టిదే.

2020లో కరోనా వ్యాధివలన బడులు మూతపడగా, ఉపాధ్యాయులు వాట్సాపులో పాఠములు పంపిరి. దూరదర్శన్ సప్తగిరి పదవ తరగతి పాఠములను ప్రసారము చేసెను. 2017లో వెలసిన ‘దీక్ష’ వేదికయు తోడ్పడెను. ఇవి యన్నియు మేలు చేసినవే. అయినను ఇంట నున్న ఒక్క ఫోను తండ్రితో పనికి పోయినచో బిడ్డకు పాఠమెట్లు చేరును? చేరినను, సందేహ మడిగి తీర్చుకొననిదే అది మనసున నిలువదు.

కావున యంత్రమను వాకిలిని ప్రతి బిడ్డకును తెరచి యుంచుట పెద్దల ధర్మము. ఫోను లేని తోటివానిని చెంత కూర్చుండబెట్టుకొనుట, జంకక ప్రశ్నించుట విద్యార్థుల ధర్మము.