‘100 శాతం’ చూసి మోసపోవద్దు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. వజ్రపుకొత్తూరుతో పాటు ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేక అల్లాడాయి. ఇలాంటి చోట ఇంటి నుంచే ఆన్‌లైన్‌ ఇంటర్వ్యూ ఇచ్చేవారికి ల్యాప్‌టాప్‌ బ్యాటరీయే దిక్కు. కానీ స్క్రీన్‌ మూలన కనిపించే ‘100 శాతం’ సగం నిజమే చెబుతుంది. కొత్తలో 50 వాట్‌అవర్లున్న బ్యాటరీ అరిగి 30కి పడిపోయినా, నిండా ఛార్జయితే అక్కడ 100 అనే చూపిస్తుంది.

అసలు లెక్క తెలియాలంటే నిర్‌సాఫ్ట్‌ వారి ‘బ్యాటరీఇన్ఫోవ్యూ’ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్‌ చాలు. అదీ వద్దంటే విండోస్‌లో ఉండే పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో బ్యాటరీ రిపోర్ట్‌ తీయొచ్చు. అందులో ‘డిజైన్‌ కెపాసిటీ’, ‘ఫుల్‌ ఛార్జ్‌ కెపాసిటీ’ అని రెండు అంకెలుంటాయి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే బ్యాటరీలో ఇంకెంత ప్రాణముందో తేలిపోతుంది.

సెకండ్‌హ్యాండ్‌ ల్యాప్‌టాప్‌ కొంటున్నారా? డబ్బు ఇచ్చే ముందు ఈ రిపోర్ట్‌ అడగండి. సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమనండి. వేడి, ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే వదిలేయడం లిథియం అయాన్‌ బ్యాటరీకి చేటు. 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్‌ మీ ల్యాప్‌టాప్‌లో ఉంటే ఆన్‌ చేసుకోండి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు మాత్రం పూర్తిగా నింపుకోండి.